ఎస్‌బిల్డ్: మొండిదే గానీ అబద్ధం చెప్పదు

డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌కి ప్యాకేజీలు సొంతంగా బిల్డ్ చేసుకునేవాళ్లు చాలామంది మామూలు బిల్డ్ కమాండ్ డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్ దగ్గరే ఆగిపోతారు, ఇన్‌స్టాల్ చేసుకునే డెబ్ ఫైల్ వచ్చేసిందిగా ఇంకేంటి అని. రుషికొండలో మా ఆఫీసు కుర్రాడిదీ అదే వరస. "నా లాప్‌టాప్‌లో శుభ్రంగా అవుతోందండీ" అంటాడు, పక్క సీట్లో అమ్మాయి మెషీన్‌లో మాత్రం బిల్డ్‌కి కావాల్సినవి ఉన్నాయో లేదో ముందే చూసే మెసన్ దగ్గరే బోర్లాపడుతుంది. దాంతో ప్యాకేజీని విడిగా, శుభ్రమైన చోట బిల్డ్ చేసే ఎస్‌బిల్డ్ అనే టూల్ అందరికీ పెట్టించాను. డెబియన్ వాళ్ల బిల్డ్ సర్వర్లు వాడేదీ ఇదే.

కనీస సామాను మాత్రమే ఉన్న ఖాళీ క్రూట్ (మీ సిస్టమ్‌తో సంబంధం లేకుండా విడిగా ఉండే చిన్న సిస్టమ్) తెరిచి, ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైల్‌లో బిల్డ్-డిపెండ్స్ కింద మీరు రాసినవి మాత్రం అందులో వేసి, అక్కడ బిల్డ్ చేస్తుంది. కుర్రాడు ఎప్పుడో దేనికోసమో వేసుకున్న లైబ్రరీ ఇక్కడ ఉండదు కాబట్టి 'లిబ్ఎక్స్ఎంఎల్-2.0 నాట్ ఫౌండ్' అని మొహం మీదే చెప్పేసింది. ఆ పేరుతో డెబియన్‌లో వెతికితే దొరకదు, అది లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ అనే టూల్ వాడే పేరు. ఏ ఫైల్ ఏ ప్యాకేజీలో ఉందో చెప్పే ఆప్ట్-ఫైల్‌తో, ఆ పేరున్న డాట్ పీసీ ఫైల్ ఎవరిదో వెతికితే లిబ్ఎక్స్ఎంఎల్2-డెవ్ అని వస్తుంది, దాన్ని కంట్రోల్‌లో చేర్చాం, అయిపోయింది.

లాగ్ వేల లైన్లు ఉన్నా భయపడకండి. ముందు చివరి సమ్మరీలో ఫెయిల్-స్టేజ్ చూడండి. ఇన్‌స్టాల్-డెప్స్ అని ఉంటే కావాల్సినవి వేసుకునే దగ్గరే ఆగింది, మీ కోడ్ జోలికే వెళ్లలేదన్నమాట. బిల్డ్ అని ఉంటే పైకి వెళ్తూ మొదటి ఎర్రర్ పట్టుకోండి, ఎందుకంటే ఒకేసారి నాలుగు జాబ్‌లు (కంపైల్ పనులు) నడుస్తుంటే అడుగున వాటిని నడిపే మేక్ ప్రోగ్రామ్ ఏడుపు తప్ప అసలు సంగతి ఉండదు. అదీ తేలకపోతే బిల్డ్-ఫెయిల్డ్-కమాండ్స్ ఆప్షన్‌కి ఎస్‌బిల్డ్ షెల్ ఇవ్వండి, పడిపోయిన చోటే క్రూట్ లోపల షెల్ తెరుచుకుంటుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

నచ్చనివీ ఉన్నాయి. మాన్యువల్ చదివితే తల తిరుగుతుంది. ప్రతి బిల్డ్‌కీ డిపెండెన్సీలన్నీ మళ్లీ దింపుకుంటుంది, కరెంటు పోయి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు డేటా హాంఫట్. ఒకసారి దింపిన ప్యాకేజీలను దాచిపెట్టే ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టుకుంటే ఆ గోల తగ్గుతుంది. 8 జీబీ ర్యామ్‌లో పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీ అయితే కంపైలర్ 'కిల్డ్' అని పోతుంది, అది కోడ్ తప్పు కాదు, మెమరీ చాలక. జాబ్‌లు రెండుకి తగ్గించండి. వైజాగ్ ఏప్రిల్ ఉక్కపోతలో లాప్‌టాప్ ఫ్యాన్‌కీ కాస్త ఊపిరాడుతుంది.

సొంత మెషీన్‌కి చిన్న స్క్రిప్టు ప్యాకేజీ చేసుకోవడానికి ఇంత హంగామా అక్కర్లేదు. వేరేవాళ్లకి పంపేదైతే మాత్రం ఇందులో పాసయ్యాకే పంపండి.