పాత లేత్‌కు బెడ్ గ్రైండింగ్ మేలా, ఉన్న అరుగుదలతోనే పని రాబట్టడం మేలా?

సెకండ్‌హ్యాండ్ లేత్‌ను (లోహపు కడ్డీని తిప్పుతూ కోసే యంత్రాన్ని) కొని ఇంటి షెడ్డులో దింపుకున్నవారికి మొదట వినబడే సలహా బెడ్ గ్రైండింగ్, అంటే అరిగిన బెడ్‌ను (యంత్రపు పొడవాటి ఇనుప పునాదిని) సానపట్టి చదును చేయడం, చేయించమన్నదే. బాలానగర్, జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడలు చేరువలో ఉన్న హైదరాబాద్‌లో ఆ సలహాను పాటించడం తేలికే అనిపిస్తుంది. అయితే పొట్టి జాబులు (కోతకు బిగించే ముక్కలు) చేసుకునే ఇంటి లేత్‌కు అది చాలా సందర్భాల్లో అక్కరలేని ఖర్చని నా అభిప్రాయం.

ముందుగా అరుగుదల ఏ దిశలో నష్టం చేస్తుందో చూడాలి. పని ఎక్కువగా చక్ (జాబ్‌ను పట్టి తిప్పే భాగం) దగ్గరే జరుగుతుంది కనుక బెడ్ అరిగేదీ అక్కడే. టూల్‌ను మోస్తూ బెడ్ మీద జరిగే సాడిల్ మొత్తంగా 0.1 మిల్లీమీటరు కిందికి దిగినా, 20 మిల్లీమీటర్ల కడ్డీ వ్యాసంలో వచ్చే తేడా దాదాపు 0.001 మిల్లీమీటరు మాత్రమే. సాడిల్ జారే రెండు పట్టాల్లో (గైడ్‌వేల్లో) ముందుది వెనకదానికంటే అదే 0.1 ఎక్కువ అరిగితే మాత్రం సాడిల్ మన వైపు ఒరుగుతుంది. గైడ్‌వేల మధ్య దూరం 300, సెంటర్ ఎత్తు (బెడ్ నుంచి జాబ్ తిరిగే అక్షం వరకు) 165 మిల్లీమీటర్లు ఉన్న యంత్రంలో టూల్ మొన 0.055 మేర జాబ్‌కు దూరమై, వ్యాసం 0.11 మిల్లీమీటరు పెరుగుతుంది. కొనేవారిని బెదరగొట్టే బెడ్ మీది గీతలకన్నా, కంటికి కనబడని ఈ ఒరుగుదలే అసలు శత్రువు.

గ్రైండింగ్ ఈ దోషాన్ని మూలంలోనే తొలగిస్తుంది. గట్టిపరచిన బెడ్‌కు చేతి స్క్రేపింగ్ (చేతి పనిముట్టుతో పలచగా గీకి చదును చేయడం) పనికిరాదు కనుక అక్కడ వేరే మార్గమూ లేదు. కానీ బెడ్ పైభాగం ఎంత తగ్గితే సాడిల్ అంత కిందికి దిగుతుంది, దానితోపాటు ముందు వేలాడే ఏప్రాన్ (గేర్లున్న పెట్టె) కూడా దిగి లీడ్‌స్క్రూ (సాడిల్‌ను నడిపే పొడవాటి మరకడ్డీ) వరుస తప్పుతుంది, ర్యాక్‌తో (బెడ్‌కు బిగించిన పళ్ల పట్టీతో) పినియన్ (చిన్న గేరు) పట్టు మారుతుంది. వీటిని సరిచేయాలంటే సాడిల్ అడుగున టర్‌సైట్ వంటి జారే ప్లాస్టిక్ పొర అంటించి, తిరిగి స్క్రేప్ చేసి ఎత్తు రాబట్టాలి. బెడ్‌కు చెప్పిన ధరలో ఈ పని కలిసి ఉండదన్నది చాలామందికి యంత్రం విప్పాకే తెలుస్తుంది.

రెండో దారిలో పెట్టుబడి ఓపికే. సుమారు 40 మిల్లీమీటర్ల కడ్డీని చక్‌లో గట్టిగా బిగించి, 150 మిల్లీమీటర్లు బయటికి ఉంచి, టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురు చివర జాబ్‌ను ఆపే భాగం) ఆసరా లేకుండా రెండు చివర్ల చిన్న కాలర్లు (కాస్త లావుగా ఉంచిన పట్టీలు) వదిలి, ఒకే సెట్టింగుతో రెంటినీ సన్నని కోతతో తిప్పి మైక్రోమీటరుతో కొలవాలి. బయటి కాలర్ లావుగా వస్తే టెయిల్‌స్టాక్ వైపున ముందు కాలి బోల్టును కొద్దిగా పైకి లేపాలి, సన్నగా వస్తే దించాలి. బెడ్ మెలికను ఇలా కొద్దిగా మార్చితే, చక్ దగ్గరి అరుగుదలను కూడా ఆ పొట్టి దూరం మేరకు చాలావరకు సర్దవచ్చు. మన ఇళ్ల ఆవరణల్లో పరిచే తాండూరు బండల మీద మాత్రం ఈ శ్రమ నిలవదు. ఇసుక పరుపు కుంగితే లెవెల్ పోతుంది. కాబట్టి కాళ్ల కింద కాంక్రీటు తప్పనిసరి.

క్రాస్‌స్లైడ్ (టూల్‌ను జాబ్ వైపు అడ్డంగా జరిపే భాగం) లూజును గురించి అంత దిగులు అవసరం లేదు. ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పి కొలతకు చేరితే నట్టులోని ఆట కొలతను చెడగొట్టదు. బిట్ల (కోసే మొనల) విషయంలో నా ఓటు హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్)కే. పదునుగా సానపట్టిన హెచ్‌ఎస్‌ఎస్ బిట్ తక్కువ వేగంలో, తక్కువ ఒత్తిడితో కోస్తుంది, కదలాడే పాత యంత్రానికి అదే నప్పుతుంది. కార్బైడ్ అంచు అదురుకు చిట్లిపోతుంది.

జిబ్‌ను (సాడిల్ వదులును సర్దే పట్టీని) చక్ దగ్గర సరిగ్గా బిగించాక సాడిల్ టెయిల్‌స్టాక్ వైపు వెళ్లలేక పట్టేస్తుంటే, లేదా సెంటర్ల మధ్య పొడవైన షాఫ్టులు తిప్పడమే ప్రధాన పనైతే, అప్పుడు గ్రైండింగ్ వైపే మొగ్గాలి. ఆ సందర్భంలోనూ సాడిల్ ఎత్తు, టెయిల్‌స్టాక్ ఎత్తు తిరిగి తేవడం ధరలో చేర్చి రాసివ్వని వారికి బెడ్‌ను అప్పగించకూడదు.