‘వాటర్‌ప్రూఫ్’ టెంటు కొంటున్నారా? ముందు ఒక బక్కెట్ నీళ్లు పోసి చూడండి

మొన్న నవంబరులో ఒక శనివారం రాత్రి, పదకొండు దాటాక, కలువాయి దగ్గర నిమ్మతోటలో మా ఐదేళ్ల పాపను భుజాన వేసుకుని కారు దాకా పరిగెత్తాను. వెనకాల మా ఆవిడ తడిసిన దుప్పట్లు మోసుకుంటూ వస్తోంది. 2,899 రూపాయలు పోసి ఆన్‌లైన్‌లో కొన్న టెంటు బురదలో చతికిలబడి ఉంది. సోమశిల, కండలేరు, కంభం చెరువు వైపు ఒక రాత్రి టెంటు వేసుకుని గడుపుదామని అనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

కొన్నది దసరా ఆఫర్లలో. ఫొటోలో వెనక మంచుకొండలు, ముందు సరస్సు, మధ్యలో నారింజ రంగు టెంటు. కింద ‘4 పర్సన్, 190టీ, 100% వాటర్‌ప్రూఫ్’ అని రాసుంది. 6,999 కొట్టేసి 2,899. పార్సిల్ వచ్చిన రోజు సంచి విప్పి, కడ్డీలు లెక్కపెట్టి, మళ్లీ కట్టేసి అటక మీద పెట్టాను. కొంప ముంచింది ఆ పనే. రిటర్న్ గడువు 7 రోజులు. మేం దాన్ని మళ్లీ విప్పింది ఆరు వారాల తర్వాత, తోటలో.

నెల్లూరు వాడినై ఉండి నవంబరులో టెంటేంటని నవ్వుతారని తెలుసు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కానీ సోమశిల నీళ్లతో కళకళలాడేదీ అప్పుడే కదా. 78 టీఎంసీల జలాశయం. పాపకు చూపించాలని ఆశ. వాన వచ్చినా వాటర్‌ప్రూఫే కదా అనే ధీమా.

నీటి అంచునే టెంటు వేద్దామని నా ప్లాన్. మా పెదనాన్న ఒప్పుకోలేదు. “నీళ్లు తగ్గితే బయటపడిన నేల అది అబ్బయ్యా, మనది కాదు. పైన కడపలో వాన పడితే ఇక్కడ చినుకు లేకపోయినా పెన్నా పెరుగుద్ది” అన్నాడు. 2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది గుర్తుంది కాబట్టి నేనూ వాదించలేదు. పైగా సోమశిల చుట్టుపక్కల చాలా భాగం పెనుశిల నరసింహ అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ గుడారం వేయకూడదు. అందుకని పగలంతా డ్యాం దగ్గర తిరిగి, రాత్రికి పెదనాన్న వాళ్ల తోటకు చేరాం. ఆ మాట వినబట్టి పోయింది టెంటు ఒక్కటే.

నలుగురు పట్టే టెంటు అన్నారా, ముగ్గురం పడుకుంటే బ్యాగు పెట్టడానికి చోటు లేదు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు. మనుషుల్ని పక్కపక్కనే చాప మీద పేర్చినట్టు లెక్కేసి ‘4 పర్సన్’ అంటారు. ముగ్గురికి నలుగురి టెంటు, నలుగురికి ఆరుగురి టెంటు అనుకుంటేనే సరిపోతుంది.

పదింటికి వాన మొదలైంది. పెద్ద వాన కూడా కాదు. ముందు కుట్ల వెంట చిన్న చిన్న చుక్కలు. టార్చి వేసి చూస్తే సూది దిగిన చోటల్లా నీళ్లు. మంచి టెంటుకైతే కుట్టు మీద లోపలివైపు పారదర్శకమైన టేపు అతికిస్తారు. దీనికి పైకప్పు మధ్యలో ఒక్క కుట్టుకే ఉంది. పైన వేరే కప్పు గుడ్డ లేదు, అంతా ఒకటే పొర. మా ఊపిరి ఆవిరే గోడలకు పట్టి కారడం మొదలుపెట్టింది. కాసేపటికి ఏది వాన నీరో ఏది మా నీరో తెలియలేదు. ఆ తర్వాత ఒక గాలి విసిరింది. ఫైబర్‌గ్లాస్ కడ్డీ టప్పుమని విరిగి, చీలిన కొన గుడ్డను చించుకుని బయటికొచ్చింది. పాప ముఖానికి జానెడు దూరంలో. నా కోపమంతా దాని గురించే.

ఇంటికొచ్చాక చదువుకున్నాను, కొనకముందు చదవాల్సినవి. ‘190టీ’ అనేది చదరపు అంగుళంలో నిలువు, అడ్డం పోగుల లెక్క. నీళ్లు ఆగుతాయా లేదా అనేదానికి అది గుర్తు కాదు. చూడాల్సింది మిల్లీమీటర్లలో ఇచ్చే అంకె. గుడ్డ మీద ఎంత ఎత్తు నీటి స్తంభం నిలబెడితే నీళ్లు లోపలికి దిగడం మొదలవుతుందో ఆ కొలత. పైకప్పుకు కనీసం 1,500, నేల గుడ్డకు 3,000 ఉంటే మన వానలకు కొంత నమ్మొచ్చు. నేలకు ఎక్కువ ఎందుకంటే మన మోకాళ్లు, మోచేతుల బరువు తడి నేల మీద దాన్ని నొక్కుతుంది. నేను కొన్న దానికి ఆ అంకే లేదు. అంకె లేకుండా ‘100%’ అని మాత్రమే రాస్తే ఆ పేజీ మూసేయండి. కుట్లకు టేపు ఉందా, పై కప్పు విడిగా వస్తుందా అని సెల్లర్‌ను అడగండి, జవాబు రాతలో తీసుకోండి.

సెల్లర్‌కు ఫొటోలు, వీడియో పంపాను. మూడు రోజులకు జవాబు: “వాడిన వస్తువుకు రిటర్న్ లేదు, మీ ప్రాంతంలో వర్షం ఎక్కువ.” వానకు కాకపోతే వాటర్‌ప్రూఫ్ దేనికి? మళ్లీ పేజీ తెరిచి చూస్తే ‘వాటర్‌ప్రూఫ్’ పోయి ‘వాటర్ రెసిస్టెంట్’ అయింది, అంటే తడిని కొంతవరకే ఆపుతుందని. ఫొటో అదే, ధర అదే. నా దగ్గర పాత పేజీ స్క్రీన్‌షాట్ ఉంది, అదీ నా తెలివి కాదు, మా ఆవిడ ఆఫర్ చూసి వాళ్ల తమ్ముడికి పంపిన వాట్సాప్‌లో మిగిలింది. కొనే రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

1915కు ఫోన్ చేశాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడారు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మే వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అక్కడా తేలకపోతే మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, సెల్లర్ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి.

ఇవన్నీ తర్వాతి తిప్పలు. టెంటు వచ్చిన రోజే మేడ మీద వేసి, కుట్ల మీద బక్కెట్ నీళ్లు పోసి, పావుగంట ఆగి లోపలికి దూరి చేత్తో తడిమి చూడండి. కడ్డీలు పూర్తిగా వంచి ఒక గంట ఉంచండి. అంతా వీడియో తీయండి. తేడా ఉంటే 7 రోజుల్లోపు తిప్పి పంపేయొచ్చు. ఒకవేళ కడ్డీ దారిలో విరిగితే అతికించడానికి టేపు చుట్ట ఒకటి, చిన్న ఇనుప గొట్టం ఒకటి సంచిలో వేసుకోండి.

హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసిన పది రోజులకు సెల్లర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. డబ్బు తిరిగి ఇవ్వరట, 1,000 రూపాయల కూపన్ ఇస్తారట, వాళ్ల షాపులోనే ఏదైనా కొనుక్కోవాలట. ఒద్దని రాశాను. కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. విరిగిన కడ్డీ మాత్రం పారేయలేదు, సాక్ష్యానికని అటక మీదే ఉంది.