మూడున్నరేళ్లుగా కోలాటం ఆడుతున్నాను: నా అనుభవం

నాకు యాభై నాలుగేళ్లు. నెల్లూరు మూలాపేటలో ఉంటాము. ఇంటి ముందుగదిలోనే నా కుట్టుపని. ఇరవై ఎనిమిదేళ్లుగా రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు మిషన్ ముందు వంగి కూర్చున్న ఒళ్లు ఇది. నలభై ఎనిమిదో ఏట చక్కెర జబ్బు బయటపడింది, నడవమన్నారు. పెన్నా గట్టు వైపు నడక మొదలుపెట్టడం, పండగ జాకెట్ల రద్దీ రాగానే మానేయడం, ఇలా మూడుసార్లు జరిగింది. నాలుగోసారి నడకకు బదులు కోలాటం పట్టుకున్నాను. ఇప్పటికి మూడున్నరేళ్లు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు చేరమంటావా అక్కా అని అడుగుతూనే ఉంటారు. బాగున్నదీ బాగాలేనిదీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

ముందు, ఎందుకు మానలేదో చెప్పాలి. నేను నడకకు వెళ్లకపోతే ఎవరికీ ఏ లోటూ లేదు. కోలాటంలో అలా కుదరదు. లోపలి వలయం ఒకవైపు, బయటి వలయం ఇంకోవైపు తిరుగుతుంటే నాలుగు అడుగులకొకసారి కొత్త మనిషి ఎదురవుతుంది. ఆమె కోల ఎత్తిన చోట నా కోల లేకపోతే ఆమె చేయి గాలిలో ఆగిపోతుంది, వెనక ఉన్నవాళ్ల లెక్కంతా తప్పుతుంది. ఆరున్నరకు గుడి ఆవరణలో కనిపించకపోతే ఏడింటికల్లా ఫోను వస్తుంది. జ్వరమా, చుట్టాలొచ్చారా, ఏమైందని. నా కోసం ఒక చోటు ఖాళీగా ఉందన్న ఆలోచనే నన్ను సాయంత్రం మిషన్ మీద నుంచి లేపుతుంది.

మొదటి నెల కష్టంగా గడిచింది. కుడిచేతి బొటనవేలి కణుపు కమిలి నల్లబడింది. కోల ఎక్కడ తగులుతుందోనని కళ్లన్నీ దాని మీదే పెట్టేదాన్ని. సూది మీద నుంచి చూపు తిప్పితే వేలు పోతుందని నేర్చుకున్న చేతులు నావి, ఇంకెలా చూస్తాను? నా ఎదుట నిలిచే ఉద్ది, అంటే జోడీ, అరవై ఏడేళ్ల పెద్దమ్మ. మూడో వారంలో ఆట ఆపి, నా గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. "కోలను చూడొద్దమ్మాయ్, నా మొహం చూడు. కోల అదే వస్తుంది" అంది. ఆ సాయంత్రం పది చుట్లలో రెండే తప్పాను. అప్పటి నుంచి కణుపుకు దెబ్బ తగల్లేదు.

ఆరోగ్యం మాటకొస్తే, నర్సింగ్ చదివే మా అమ్మాయి నాకు ఒక కొలత చెప్పింది. మాట్లాడగలిగి పాడలేకపోతే అది మోస్తరు వ్యాయామం. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్రమైన వ్యాయామం. కోలాటంలో పాట మన నోట్లోనే ఉంటుంది కాబట్టి ఏ యంత్రమూ చూసుకోనక్కర్లేదు. ఆట నిదానంగా సాగేటప్పుడు పల్లవి అందుకోగలను. వేగం పెరిగే రెండో కాలానికి వచ్చేసరికి సగం పల్లవే వస్తుంది. మూడో కాలంలో పాట పంతులమ్మకు వదిలేసి అడుగు మాత్రం వేస్తాను. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మేము వారానికి అయిదు రోజులు, రోజుకు గంట ఆడతాము. మధ్యలో నీళ్లకూ మాటలకూ పోయింది తీసేసినా 200 నిమిషాలు నిలుస్తుంది.

నా మూడు నెలల సగటు చక్కెర 8.1 నుంచి 7కు దిగింది. మాత్రలు మానలేదు, రాత్రి మొలగొలుకుల అన్నం ఒక గరిటె తగ్గించాను, కాబట్టి ఘనతంతా కోలలకే ఇవ్వను. బరువు మాత్రం నాలుగు కిలోలే తగ్గింది. సన్నబడటానికే చేరాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. నాకు అంతకంటే పెద్ద లాభం మెడకు జరిగింది. చేతులు తలపైకెత్తి కొట్టే కోపులు (కోలాటంలో ఒక్కో రకం ఆట వరసను కోపు అంటాము) వచ్చాక, మధ్యాహ్నానికి బిగుసుకుపోయే భుజాలు వదులయ్యాయి. పక్కకు, వెనక్కు అడుగు వేయడం కూడా నడకలో రాదు. ఇప్పుడు బస్సు దిగేటప్పుడు కమ్మీ కోసం తడుముకోను.

మతిమరుపు గురించి కూడా అడుగుతారు. అమెరికాలో 75 ఏళ్లు దాటిన 469 మందిని కొన్నేళ్లు గమనించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. చదవడం, వాద్యం వాయించడం లాంటివాటితో పాటు, ఒళ్లు కదిలించే పనుల్లో నాట్యం చేసేవాళ్లలోనే మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ముప్పు తక్కువగా కనిపించింది. నాట్యం వల్లే తగ్గిందని అది రుజువు చేయలేదు. కానీ కొత్త కోపు నేర్చుకునే రోజు బుర్ర ఎంత పని చేస్తుందో నాకు తెలుసు.

ఇక ఇబ్బందులు. రెండో ఏడు నా ఎడమ మోకాలు వాచింది. సిమెంటు నేల మీద వట్టి కాళ్లతో ఎగిరి దిగడమే కారణం. ఆరు వారాలు ఆపాను. ఇప్పుడు ఎగరను, పాదం మొత్తం ఆనించి అడుగు మార్చుకుంటాను. ఉత్సవాల్లో తారు రోడ్డు ఇంకో బాధ. వేసవిలో పొద్దు గుంకినా అది చల్లారదు. ఒకసారి ఊరేగింపు అయ్యేసరికి అరికాళ్లు బొబ్బలెక్కాయి. చక్కెర ఉన్నవాళ్ల పాదాలకు పుండు మంచిది కాదు. ఇప్పుడు మా జట్టు రోడ్డు తడిపించాకే దిగుతుంది, ఇంటికి రాగానే నేను అరికాళ్లు అద్దంలో చూసుకుంటాను. ఇంకొకటి, మాత్ర వేసుకుని ఏమీ తినకుండా వెళ్లిన సాయంత్రం చేతులు వణికి, చెమటలు పట్టి కూలబడ్డాను. చక్కెర పడిపోయిందట. అప్పటి నుంచి నడుముకు కట్టిన సంచిలో గ్లూకోజు పొడి ఉంటుంది. మా జట్టులో చక్కెర ఉన్న ఏడుగురికీ అలాంటి సంచులు నేనే కుట్టిచ్చాను.

ఇవన్నీ ఉన్నా ఎందుకు ఆడతానంటే రంగనాథస్వామి ఉత్సవం రాత్రి చెబుతాను. రాజగోపురం దీపాల కింద నలభై మందిమి రెండు వలయాలుగా నిలిచాము. మొదటి చుట్టులో దెబ్బలు కొంచెం ముందూ వెనకగా, వాన చినుకులు రేకు మీద పడ్డట్టు ఉన్నాయి. మూడో చుట్టుకు అన్నీ ఒకే దెబ్బయ్యాయి. ఆ దెబ్బ చెవికంటే ముందు మణికట్టులో తెలుస్తుంది. ఎవరి చేయి ఎవరిదో తెలియదు. ఎదురొచ్చే ప్రతి మొహమూ నవ్వుతోంది, నా మొహమూ నవ్వుతోందని వాళ్లను చూస్తేనే తెలిసింది. అంతకుముందు మా అమ్మ పోయిన ఏడాదంతా నేను నవ్విన గుర్తు లేదు.

ఖర్చు పెద్దగా లేదు. కోలల జత, గజ్జెలు, ఉత్సవానికి ఒకే రంగు చీర. చీర రంగు దగ్గర వాదనలు తప్పవు.

ఈ వేసవి నుంచి జడ కోపు నేర్చుకుంటున్నాము. పైనుంచి పదహారు తాళ్లు దిగుతాయి, ఆడుతూనే వాటిని జడలా అల్లాలి, మళ్లీ వెనక్కు ఆడుతూ విప్పాలి. అల్లడం వచ్చింది. విప్పేటప్పుడు నాలుగో చుట్టు దగ్గర పెద్దమ్మ తాడూ నా తాడూ ముడిపడుతున్నాయి.