వాట్సాపా, టెలిగ్రామా? గ్రూపులో గొడవలు ఎక్కడ తగ్గుతాయి?

"మా తెలుగు గ్రూపులో తిట్లు ఆగట్లేదు, ఎక్కడికి మారమంటారు?" బెంగళూరులో గ్రూపులు నడిపేవాళ్లు ఈ మధ్య నన్ను అడుగుతున్నది ఇదే. మేం పోయిన ఉగాదికి మారాం కదా, అందుకని.

వైట్‌ఫీల్డ్‌లో మా గ్రూపు పుట్టింది వాట్సాప్‌లోనే. 2024 ఎండాకాలం, ఊళ్లో బోర్లు ఎండిపోయిన రోజులు. "ఇవాళ ట్యాంకర్ ఎంతకు దొరికింది?" అని ఒకావిడ అడిగారు. పావుగంట తిరక్కుండానే అది "మీ కడపోళ్లు", "మీ గుంటూరోళ్లు" దాకా వెళ్లిపోయింది. ట్యాంకర్ రేటు మాత్రం ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

వాట్సాప్‌లో అడ్మిన్‌గా మెసేజ్ తీసేయొచ్చు, మనిషిని తీసేయొచ్చు, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా తాళం వేయొచ్చు. అందరి నోళ్లూ ఒకేసారి మూయించడం కుదురుతుంది గానీ, కాస్త ఆగి మాట్లాడండయ్యా అనడం కుదరదు.

టెలిగ్రామ్‌లో అది కుదురుతుంది. 2019 నుంచి అందులో స్లో మోడ్ ఉంది. ఒకసారి రాస్తే మళ్లీ రాయడానికి ఇంతసేపు ఆగాలని పెట్టొచ్చు, గంట దాకా. మేం పావుగంట పెట్టాం. నా లెక్కలో తేడా అంతా ఇక్కడే ఉంది. మొన్న పార్కింగ్ విషయంలో ఒకాయన "బుద్ధుందా మీకు?" అని పెట్టారు. అవతలాయన అంతే ఘాటుగా తిప్పికొట్టారు. ఇంక ఇద్దరూ ఫోన్లో అంకెలు తగ్గడం చూస్తూ కూర్చోవాల్సిందే. పావుగంటయ్యాక అవతలాయన నుంచి వచ్చింది: "సార్, ఆ బండి మా బావమరిదిది. పొద్దున్నే తీయిస్తా."

అడ్మిన్లకు మాత్రం ఈ ఆంక్ష లేదు. మొదటివారం నేను వరసగా మూడు జవాబులిస్తే, "నీ ఒక్కడికే స్పీడ్ బ్రేకర్ లేదా అబ్బాయ్?" అన్నారు మా బ్లాకు బాబాయ్ ఒకరు. అప్పట్నుంచి నేనూ గడియారం చూసుకునే రాస్తున్నా.

చిక్కు లేకపోలేదు. పెద్దవాళ్లు చాలామంది టెలిగ్రామ్‌కు రానేలేదు. నీళ్లు ఆగిపోయాయనో, రక్తం కావాలనో చెప్పడానికి పాత వాట్సాప్ గ్రూపును అడ్మిన్ల తాళంతోనే ఉంచాం.

ఫేస్‌బుక్ గ్రూపులో ప్రతి పోస్టూ చూసి వదలొచ్చు. కానీ ఒకరిది ఆపితే రాత్రి పదకొండుకు ఫోన్లు. ఓపికున్నవాళ్లకే అది. ఎక్స్‌లో తెలియనివాళ్లు వచ్చి పడతారు, ఇరుగుపొరుగు మాటలకు అది చోటే కాదు. రెడిట్‌కు మా అత్తయ్యలు రారు.

ఐపీఎల్ రోజుల్లో స్లో మోడ్ తీసేస్తున్నాం, కేకలు వేసుకోనీ అని. హైదరాబాద్, బెంగళూరు తలపడే రోజు మాత్రం పావుగంట కాదు, గంట పెడుతున్నాం.