కొండల్లో రెండు ఇళ్లు: సియెలో డ్రైవ్, వండర్‌ల్యాండ్ అవెన్యూ

రెండూ లాస్ ఏంజిల్స్ కొండల్లోవే. 1969 ఆగస్టులో సియెలో డ్రైవ్‌లో, కల్ట్ నాయకుడు చార్లెస్ మాన్సన్ మనుషులు ఐదుగురిని చంపారు. నటి షరాన్ టేట్ అప్పుడు నిండు గర్భిణి. ఆమె నెత్తుటితోనే తలుపు మీద 'పిగ్' అని రాసిపోయారు. మాన్సన్ పాటలు రికార్డు చేయడానికి ఒప్పుకోని నిర్మాత టెర్రీ మెల్చర్ అంతకుముందు అద్దెకున్న ఇల్లది.

లారెల్ కాన్యన్‌లోని వండర్‌ల్యాండ్ అవెన్యూది పూర్తిగా డ్రగ్స్ గొడవ. ఆ ఇంటి ముఠా ఓ నైట్‌క్లబ్ యజమాని ఇంటిని దోచింది. రెండు రోజులకే, 1981 జులై 1న, వండర్‌ల్యాండ్ ఇంట్లో నలుగురిని కొట్టి చంపారు. కేకలు వినిపించినా, రోజూ ఉండే గోలే కదా అని ఇరుగుపొరుగు పట్టించుకోలేదు. నన్ను ఎక్కువ కలచివేసేది ఇదే. మాన్సన్‌కు శిక్ష పడింది. ఈ నలుగురి హత్యలకు మాత్రం ఎవరికీ పడలేదు.