విదేశంలో మిషనరీ సేవ: కానుకల మీద వెళ్లాలా, ఉద్యోగం చేసుకుంటూనా?

ముందు డబ్బు సంగతి.
పూర్తికాల సేవ: చర్చి సంఘాలు పంపే కానుకలతోనే ఇల్లు గడవాలి, మధ్యమధ్యలో వచ్చి ఊరూరా తిరిగి రిపోర్టు చెప్పుకోవాలి.
ఉద్యోగంతో: జీతం మనదే, చెయ్యి చాచక్కర్లేదు. బైబిల్లోని మిషనరీ పౌలు కొరింథు పట్టణంలో డేరాలు కుట్టి బతికింది ఇలాగే.

భాష దగ్గర లెక్క తిరగబడుతుంది. పూర్తికాలం వాళ్లు మొదటి ఏడాదంతా దానికే ఇచ్చేయొచ్చు. ఉద్యోగస్థుడు సాయంత్రం పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడతాయి, కాకపోతే తోటి ఉద్యోగులతో రోజూ నడిచే కబుర్లు ఏ క్లాసులోనూ దొరకవు.

వీసా: మిషనరీలను రానివ్వని దేశాలకు ఉద్యోగమే దారి. పేరుకే ఉద్యోగం చూపించి పని ఎగ్గొడితే మాత్రం అది మోసమే, బయటపడితే మనం విమానం ఎక్కేస్తాం, ఇబ్బంది అక్కడి విశ్వాసులకి.

కుటుంబం మీద పడే బరువు రెండింటిలోనూ తప్పదు. ఇంగ్లండ్ మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్ చేరి నీలిమందు ఫ్యాక్టరీ నడిపాడు. మరుసటి ఏడాదే కొడుకు పీటర్ పోయాడు, భార్య డొరతీకి మతి చలించింది (ఆవిడ గురించి ప్రసంగాల్లో ఎందుకో తక్కువే వింటాం), ఆయన సేవలో హిందువుల్లోంచి క్రీస్తును నమ్మిన తొలి వ్యక్తి కృష్ణ పాల్ బాప్తిస్మం 1800 చివర్లో గానీ జరగలేదు. అంత ఓపిక ఉంటేనే ఫలితం కళ్లపడేది.

బైబిల్ అనువాదం, కొత్త సంఘ స్థాపన లాంటి పనికైతే పూర్తికాలమే నయం. చేతిలో నర్సింగో టీచింగో ఉండి, అప్పులుంటే, లేదా వెళ్లే దేశం తలుపులు మూసుకుని ఉంటే ఉద్యోగంతో వెళ్లండి. భార్యాభర్తల్లో ఒకరికి మనసు లేకపోతే ఏదీ వద్దు.