హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరం? గ్రేట్ సర్కిల్ మ్యాపర్ సమీక్ష

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం చెప్పే సైట్లలో నమ్మదగ్గది గ్రేట్ సర్కిల్ మ్యాపర్. గ్రేట్ సర్కిల్ అంటే భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. చూడ్డానికి పాతకాలపు సైటే, లెక్క మాత్రం గట్టిది. దూరం విషయంలో కళ్లు మూసుకుని నమ్మొచ్చు. ప్రయాణ సమయానికి వచ్చేసరికే జాగ్రత్త పడాలి.

పెట్టెలో మూడక్షరాల కోడ్‌లు రాసి, మధ్యలో చిన్న గీత పెట్టాలి. శంషాబాద్‌కి హెచ్‌వైడీ, డల్లాస్‌కి డీఎఫ్‌డబ్ల్యూ. ఊరి పేరు కన్నా కోడే మేలు. పాకిస్తాన్‌లోనూ హైదరాబాద్ ఉంది, దాని కోడ్ హెచ్‌డీడీ. ఇంకొక సంగతి, దూరం మైళ్లలో కనిపిస్తే కిలోమీటర్లకు మార్చుకున్నాకే పోల్చండి. నాటికల్ మైలు వేరే, అది 1.852 కిలోమీటర్లు.

నేరుగా అయితే దాదాపు 14,400 కి.మీ. వస్తుంది. గోడమీది మ్యాపుకి అలవాటుపడిన కళ్లకు సైటు గీసి చూపే గీత వింతగా ఉంటుంది. అట్లాంటిక్ వైపు పోదు. లడఖ్, కజకిస్తాన్, రష్యా మీదుగా ఉత్తర ధ్రువానికి సుమారు 500 కి.మీ. దగ్గరదాకా వెళ్లి, కెనడా మీదుగా దిగుతుంది. గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే అదే దారి కనిపిస్తుంది.

ఇప్పుడు మధ్యలో దుబాయ్ కోడ్, డీఎక్స్‌బీ, చేర్చండి. 2,550, ఆపైన 12,940, మొత్తం 15,490 కి.మీ. పెరిగింది దాదాపు 1,100, అంటే ఏడెనిమిది శాతమే. దుబాయ్‌లో దిగితే బాగా చుట్టు తిరిగినట్టని చాలామంది అనుకుంటారు. నిజానికి టైమ్ తినేది అక్కడ కనెక్షన్ కోసం కూర్చునే గంటలు.

సమయం ఎందుకు తప్పుతుందో చూడండి. దుబాయ్-డల్లాస్ దూరాన్ని గంటకు 900 కి.మీ.తో భాగించి, విమానం రన్‌వే దాకా కదలడానికి, పైకి లేవడానికి, కిందికి దిగడానికి అరగంట కలిపితే సుమారు 15 గంటలు వస్తాయి. షెడ్యూల్లో మాత్రం వెళ్లేటప్పుడు దాదాపు 16. తిరుగు ప్రయాణం 15 లోపే. పై ఎత్తుల్లో గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి అమెరికా వెళ్లేటప్పుడు ఎదురవుతుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో ఈ గాలి ఇంకా బలంగా ఉంటుంది. అందుకని, లెక్కలో వచ్చిన సమయానికి వెళ్లేటప్పుడు గంట కలుపుకోండి.

మూసిన గగనతలం కూడా ఈ గీతకు తెలియదు. 2022 నుంచి అమెరికా సంస్థలకు, చాలా యూరప్ సంస్థలకు రష్యా గగనతలం మూసే ఉంది. అలాంటప్పుడు విమానం ఎగిరే దారి తెర మీది గీత కన్నా పొడవు.

టికెట్ మీది గడియారంతో ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మూడు, ఆపైన పదహారు, మొత్తం 23 గంటలు. ఎండాకాలంలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. తెల్లవారి 4 గంటలకు శంషాబాద్‌లో ఎక్కితే అదే రోజు సాయంత్రం 4:30కి దిగినట్టు టికెట్ చెబుతుంది. పన్నెండున్నర గంటల ప్రయాణమే అనుకుని, వాడే మందులు ఒక్క పూటకే చేతి సంచిలో పెట్టుకునే పెద్దవాళ్లుంటారు. వాళ్లకు 23 గంటలని ముందే చెప్పండి. చలికాలంలో తేడా పదకొండున్నర గంటలు.